జీపునకు క్రొత్త క్లచ్చు

ఏటేట సంక్రాంతి పండుగకు మన పల్లెలకు వచ్చు జీపుల సంఖ్య పెరుగుచున్నది. హైదరాబాదులో మాదాపురము, కొండాపురము, గచ్చిబౌలి ప్రాంతములయందు కంప్యూటరు కొలువులు చేయు మన పిల్లలు వానిని తోలుకొని వత్తురు. బండి వాకిట నిలిచినంతనే పెద్దలమందఱము దాని చుట్టు ఒక ప్రదక్షిణము చేయుదుము. చక్రమును కాలితో తన్ని చూతుము. ట్రాక్టరు తోలినవారము గనుక మనకు తెలియని యంత్రము లేదను ధీమా మనకు కలదు. అట్టి సమయమున కుఱ్ఱవాడు, "పెదనాయనా, క్లచ్చు అరిగినదట. ఏది వేయింపుమందురు?" అని యడుగును. మనమును వెనుకాడక చెప్పివేయుదుము.

నాలుగేండ్ల క్రిందట మా తమ్ముని కుమారుడు నన్నట్లే యడిగెను. నేనును చెప్పితిని. నేను చెప్పినది తప్పు. ఆ తప్పు ఎట్టిది, దాని ఫలమెవ్వరికి తగిలెను అను విషయమును విన్నవించుటకే నేనీ సాయంకాలము మీ యెదుటికి వచ్చితిని.

బండిని గూర్చి మొదట రెండు మాటలు. రెండవ ప్రపంచ యుద్ధమునందు అమెరికా సేనలకొఱకు విల్లీసు కంపెనీవారు చేసిన జీపే వీనికన్నింటికిని మూలపురుషుడు. 1945లో స్థాపితమైన మహీంద్రావారి సంస్థ యుద్ధానంతరము ఆ జీపును మన దేశమునకు దెచ్చి ఇచ్చటనే కూర్ప నారంభించెను. ఆ వంశముననే 2010లో థార్ అను బండి వెలువడెను. 2020లో దానికి క్రొత్త రూపము కల్గెను. మా వాని బండి ఈ క్రొత్త రూపముదే, డీసెలుది, చేతితో గేర్లు మార్చునది. బరువు పదునేడున్నర క్వింటాళ్ల ప్రాంతము. నాలుగు చక్రములును లాగును. బురదలో, బండలపై, వాగులో పోదగిన బండి.

అయితే అది పోవుచున్నది ఎచ్చట? 1998 నవంబరులో అప్పటి ప్రధానమంత్రి వాజపేయిగారు సైబర్ టవర్స్ అను భవనమును ప్రారంభించునాటికి మాదాపురపు చుట్టుప్రక్కల బండరాళ్లును, తుమ్మచెట్లును విరివిగా నుండెను. ఆ దినములలో అచ్చటికి జీపు వలసినదే యనవచ్చును. నేడు ఆ చోటికి హైటెక్ సిటీ యని పేరు. చుట్టునున్న సీమకంతకు సైబరాబాదని పేరు. బండలు పోయినవి, పైవంతెనలు లేచినవి, 2020లో దుర్గము చెరువుపై తీగలతో వ్రేలాడు వంతెన కూడ వెలసెను. బండరాళ్లకన్న కఠినమైన అడ్డంకి యొకటి మిగిలినది. అది ముందఱి బండి.

నేనొక పర్యాయము మా వానితో మియాపురమునుండి రాయదుర్గము వఱకు ఉదయము తొమ్మిదిన్నర గంటలవేళ ప్రయాణము చేసితిని. దూరము పది పండ్రెండు కిలోమీటర్లు. వాడెన్ని పర్యాయములు క్లచ్చు త్రొక్కునో లెక్కింపవలెనని కుతూహలము పుట్టి వ్రేళ్లు మడచుచు కూర్చుంటిని. కొత్తగూడ కూడలి దాటులోపలనే నూఱు దాటినది. పిదప లెక్క తప్పితిని. మా పొలములో ట్రాక్టరు సూర్యోదయము మొదలు సూర్యాస్తమయము వఱకు దున్నినను అన్నిసారులు క్లచ్చు త్రొక్కబడదు. ఈ సంగతిని నేనానాడు కంటితో చూచితిని గాని బుద్ధితో చూడలేదు.

క్లచ్చు అనగా నేమి? ఇంజను ఎల్లప్పుడును తిరుగుచుండవలెను. చక్రములు ఒకప్పుడు నిలువవలెను, ఒకప్పుడు తిరుగవలెను. ఈ రెంటిని కలుపుటకును విడదీయుటకును నడుమ నున్న సాధనమే క్లచ్చు. ఇంజను వెనుక ఫ్లైవీలు అను బరువైన ఇనుప చక్రమున్నది. గేరుపెట్టెలోనికి పోవు ఇరుసుపై, రెండు ప్రక్కల లైనింగు అంటించిన పలుచని ప్లేటున్నది. దానిని ప్రెషరు ప్లేటు బలమైన స్ప్రింగుతో ఫ్లైవీలునకు అదిమిపట్టును. మనము పెడలు త్రొక్కినప్పుడు రిలీజు బేరింగు ముందునకు జరిగి ఆ పట్టును సడలించును. పెడలు వదలినపుడు మరల పట్టు కుదురును. కుమ్మరి సారె తిరుగుచుండగా దానిపై అరచేయి నిలిపినచో మొదట చేయి జారును, వేడెక్కును. గట్టిగా నొక్కినచో చేయియు సారెతోపాటు పోవును. ఆ జారుటకును పట్టుటకును నడుమనున్న క్షణకాలములోనే క్లచ్చు యొక్క ఆయుర్దాయమంతయు ఖర్చగుచున్నది. పట్టిన పిమ్మట అది అరుగదు.

ఆ క్షణకాలపు వేడి ఎంత? జీపును మనిషిని కలిపి పదునెనిమిదిన్నర క్వింటాళ్లనుకొందము. ఇంజనును కొంచెము రేపి, గంటకు 10 కిలోమీటర్ల నడక అందువఱకు క్లచ్చును జార్చుచు బండిని కదలించినచో, బండికి చేరినంత శక్తియే వేడియై ప్లేటులోను ఫ్లైవీలులోను నిలుచును. అది సుమారు 7,000 జౌళ్లు. అట్లు నూఱుమార్లు కదలించినచో కూడునట్టి వేడి రెండు లీటర్ల చల్లని నీటిని మరుగబెట్టుటకు చాలును. ఇందొక విశేషమున్నది: ప్లేటు మెత్తనిదైనను గట్టిదైనను ఈ వేడి తగ్గదు. వేడిని నిర్ణయించునది ప్లేటు కాదు. బండి బరువు, ఇంజను వేగము, త్రొక్కువాని కాలు. ఇంజనును ఇంకను రేపి జార్చినచో వేడి ఇంకను హెచ్చును.

ఇక మా వాని కథ. వాడు స్నేహితులతో గూడి వికారాబాదు దగ్గఱి అనంతగిరి కొండలకు, అనగా మన మూసీనది పుట్టుచోటికి, నెలకొకసారి పోవుచుండెను. వానకాలములో ఒకనాడు ఎఱ్ఱబురద నిండిన ఏటవాలు బాటలో జీపు దిగబడెను. జీపునకు తక్కువ గేర్ల కొఱకు రెండవ మీట యొకటి యున్నది. దానిని వేసినచో బండి మెల్లగా, ఇంజను శ్రమలేక, క్లచ్చును జార్చు పనిలేక ఎక్కును. పాత విల్లీసు జీపులో సయితము ఆ మీట లాగుడుబలమును దాదాపు రెండింతలు చేయుచుండెను. మా వాడు తొందరలో దానిని మఱచి, మామూలు మొదటి గేరులోనే ఇంజనును గర్జింపజేసి, సగము క్లచ్చుపై అరగంట పెనుగులాడెను. వెండ్రుకలు కాలిన వాసన వచ్చెనట. మఱునాటినుండి గేరు వేసి వేగము పెంచబోగా ఇంజను అరచును గాని బండి సాగదు. ప్లేటు కాలి జారుచున్నదని తేలినది.

అప్పుడు వాడు నాకు ఫోను చేసెను. నగరములోని మెకానిక్కు రెండు రకములు చూపెనట. ఒకటి, బండితో వచ్చినట్టిదే. నారలు, రాగితీగ, బంకపదార్థము కలిపి అదిమి చేసిన మెత్తని లైనింగు గలది. రెండవది, మట్టిలోహములు కలిపి కాల్చిన బిళ్లలు నాలుగో ఆఱో తాపిన బటను ప్లేటు, దానితో హెచ్చుబలము గల ప్రెషరు ప్లేటు. నేను తడుముకొనక, "నాయనా, మన ట్రాక్టరులో నున్నది బటను ప్లేటే. ఎనిమిదేండ్లయినది, చెక్కుచెదరలేదు. అదే వేయింపుము" అంటిని. మెకానిక్కు మాటయు, పెద్దవాని మాటయు ఒక్కటైన పిదప వాడు మఱి ఆలోచింపలేదు.

నెల తిరుగకముందే వాని ఎడమ మోకాలు నొప్పి పుట్టినది. హెచ్చుబలపు స్ప్రింగును దినమునకు కొన్ని వందలమార్లు కాలితో అణచవలెను గదా! అదియైనను సహింపవచ్చును. బటను ప్లేటునకు జారుట తెలియదు. ఒక వెండ్రుకవాసి పెడలు వదలినచో పట్టదు. ఇంకొక వెండ్రుకవాసి వదలినచో ఒక్కపెట్టున పట్టి బండిని ముందునకు దూకించును. పొలములో ట్రాక్టరు ఒక జానెడు దూకినచో ఎవరికేమి నష్టము? ఒక సాయంకాలము మా వాడు కొలువు ముగించుకొని వచ్చుచు, పైవంతెన ఎక్కుడులో బండ్ల వరుస నడుమ నిలిచెను. వరుస కదలినది. వెనుకకు జారుదునేమో యను భయముతో వాడు పెడలు వదలగా జీపు ఒక్క దూకు దూకి ముందున్న స్కూటరును తాకినది. స్కూటరుపైనున్న ఆడపిల్ల క్రిందపడినది. మణికట్టు ఎముక విఱిగినది.

మఱునాడు నేను నగరమునకు పోయి, వానిని వెంటబెట్టుకొని ఆ పిల్లను చూడబోతిని. ఆమె కూడ మా వానివలెనే కంప్యూటరుపై పనిచేసి జీవించునట్టిది. కుడిచేయి ఆఱు వారములు కట్టులో నుండవలసివచ్చెను. ఆమె తండ్రి మాపై కేకలు వేయలేదు. "బండి బాగుగా లేదా, తోలువాడు బాగుగా లేడా?" అని మాత్రమడిగెను. బండియు బాగుగనే యున్నది, తోలువాడును త్రాగినవాడు కాడు. ఏమని చెప్పుదును? వైద్యపు ఖర్చు మేమే యిచ్చితిమి. అది నా ట్రాక్టరు పరిజ్ఞానమునకు చెల్లించిన వెల.

ఊరికి వచ్చి, ట్రాక్టరులో మంచిదైనది జీపులో చెడ్డదెట్లయినదని యోచించితిని, తెలిసినవారిని విచారించితిని. ట్రాక్టరు బహు చిన్న గేరులో కదలును. గంటకు మూడు నాలుగు కిలోమీటర్ల నడక. కనుక క్లచ్చు జారవలసిన పని స్వల్పము. ఒకసారి పట్టినపిదప గంటలకొలది విడువదు. దుమ్ములో, భారములో, ఎడతెగని లాగుడులో అట్టి బిళ్లలు మెత్తని లైనింగుకన్న ఎక్కువ వేడికి ఓర్చుకొనును. అందుచేత ఆ పనికి అవి యోగ్యములు. నగరపు వీథులలోని పని దీనికి తలక్రిందులు: పట్టు స్వల్పము, జారుట మెండు. జారుచు, మెల్లగా, కుదుపులేక పట్టుటయే మెత్తని లైనింగు నేర్చిన విద్య.

మఱియొక భ్రమ కలదు. పెద్ద చక్రములు తగిలించితిని గనుక బలమైన క్లచ్చు వలయునని కుఱ్ఱవాండ్రందురు. క్లచ్చుపై పడు మెలిత్రిప్పుడు ఇంజను ఇచ్చునంతయే. మా వాని ఇంజను ఇచ్చునది 300 న్యూటన్‌మీటర్లు. బండి చేసినవారు దానికి మించిన పట్టుగల క్లచ్చునే అమర్తురు. ఇంజనును మార్పనంతవఱకు ఆ పట్టు చాలును. పెద్ద చక్రము చేయు కీడు వేఱు: వ్యాసము పదవవంతు పెరిగినచో గేరులన్నియు ఆమేరకు పొడవైనట్లగును, బండి కదలుటకు క్లచ్చు ఎక్కువసేపు జారవలసివచ్చును. దానికి మందు గట్టి ప్లేటు కాదు. చక్రములను తగ్గించుటయో, ఇరుసులలోని పండ్లచక్రములను మార్పించుటయో చేయవలెను. రెండవది చాల ఖర్చు. మొదటిది గర్వమునకు నష్టము. ఏది సులభమో నేను చెప్పజాలను.

కావున దినదినము నగరములో తిరుగుచు, నెలకొకనాడు కొండ యెక్కు జీపునకు, ఇంజను మార్పనిచో, బండి చేసినవారి కొలతగల మెత్తని లైనింగు క్లచ్చే తగినదని నా నిశ్చయము. నెలకొకనాటి కొండకు తక్కువ గేర్ల మీట యున్నది. దినదినపు వీథికి అట్టి మీట లేదు. తఱచుగా బరువైన ట్రెయిలరు లాగువారు అదే లైనింగులో కొంచెము హెచ్చు పట్టుగల రకము వేయించుకొనవచ్చును. పెడలు బరువు కొంత పెరుగునని ఎఱిగియుండవలెను. అరమిడ్ నారలతో చేసిన ప్లేట్లును కలవు. అవి మెత్తగా పట్టును, చిరకాలము మన్నును. కాని మొదటి దినములలో వేడెక్కినచో పైతలము గాజువలె నునుపెక్కి పట్టు తప్పును. నగరపు రద్దీలో అంత జాగ్రత్తగా వానిని మచ్చిక చేయు ఓపిక ఎవరికున్నది? ఇక బటను ప్లేట్లను పందెములాడువారికి విడుచుట మేలు.

కొనుటలో గల మెలకువలు కొన్ని చెప్పెదను. క్లచ్చు మార్చుటకు గేరుపెట్టెను దింపవలెను. నాలుగు చక్రముల బండిలో అది ఒక దినపు పని. కూలియే పెద్ద ఖర్చు. గనుక ప్లేటు ఒక్కటి మార్చి, పాత ప్రెషరు ప్లేటును, పాత రిలీజు బేరింగును ఉంచుట పొదుపు కాదు. మూడును కలిసిన పెట్టెనే కొనవలెను. ఇంజను ఇరుసు చివర చిన్న పైలటు బేరింగున్నచో దానిని కూడ మార్పవలెను. కొన్ని బండ్లలో బేరింగును జరుపు హైడ్రాలికు సిలిండరు గేరుపెట్టె లోపలనే యుండును. అది కారుచున్నదా యని అప్పుడే చూచుకొనవలెను.

గేరుపెట్టె దిగినప్పుడు యజమాని దగ్గఱ నుండుట మంచిది. ఫ్లైవీలుపై నీలిమచ్చలు, వెండ్రుకవంటి బీటలు ఉన్నవా? బీటలు లోతైనచో మార్పవలెను. పైపైవైనచో లేతుపై ఒక పొర తీయింపవచ్చును. అయితే నేటి కొన్ని డీసెలు బండ్లకు నడుమ స్ప్రింగులు గల జంట ఫ్లైవీలుండును. దానిని లేతుపై పెట్టరాదు. ఊగులాట అధికమైనచో మార్చుటే గతి. తరువాత ఇంజను వెనుక సీలు. అచ్చటనుండి నూనె కారి ప్లేటును తడుపుచున్నచో క్రొత్త ప్లేటును గూడ తడుపును. అసలు రోగము సీలుదై, మందు ప్లేటునకు వేయుట మన దేశములో తఱచు జరుగునట్టిదే. పెడలు మెత్తబడి క్రిందికి కూలినంతమాత్రమున ప్లేటు పోయెననియు అనుకొనరాదు. నూనె తగ్గినను, గొట్టములో గాలి చేరినను అట్లే యగును. ప్లేటు నిజముగా పోయినదో లేదో తెలియుటకు సమతలమున, ముందు ఖాళీస్థలము చూచుకొని, చేతిబ్రేకు గట్టిగా లాగి, నాలుగవ గేరు వేసి పెడలును మెల్లగా వదలవలెను. ఇంజను వెంటనే ఆగిపోయినచో పట్టున్నది. తిరుగుచునే యున్నచో పట్టు లేదు. ఒక్కసారి చాలును, పదేపదే చేసినచో ఉన్న ప్లేటు కూడ పోవును.

సికింద్రాబాదు రాణీగంజులో మోటారు సామానులు అమ్ము దుకాణములు బారులుగా నున్నవి. పాత ప్లేటును సంచిలో వేసికొని పొండు. వ్యాసము, నడిమి కన్నములోని పండ్ల సంఖ్య సరిచూచి గాని క్రొత్తది తీసికొనవలదు. ఒకే పేరుగల బండికే సంవత్సరమును బట్టి కొలతలు మారుచుండును. బండి చేసినవారి ముద్రగల పెట్టెయో, వారికి సరఫరా చేయు కంపెనీ పెట్టెయో రసీదుతో కొనుడు. నకిలీ పెట్టెలు మెండు. పాత క్లచ్చు గూటిలోని ధూళిని నోటితోగాని గాలిగొట్టముతోగాని ఊదనీయకుడు. పూర్వపు లైనింగులలో ఆస్బెస్టాసు ఉండెడిది, అది ఊపిరితిత్తులకు ప్రాణాంతకము. తడిగుడ్డతో తుడుచుట చాలును.

క్రొత్తగా బండి కొనదలచినవారు, ఈ బాధ యంతయు ఎందుకని, పెడలు లేని ఆటోమాటికు గేరుల జీపునే కొనవచ్చును. 2020 నాటి థార్‌లో అట్టిదియు లభించుచున్నది. ట్రాక్టరు తోలినవారికి అది మగతనము కాదని తోచును. నాకును తోచెను. ఆ పిల్ల చేతికట్టు చూచిన పిదప తోచుట లేదు.

మా వాడు బటను ప్లేటు తీయించి, మొదటి రకమునే మరల వేయించెను. మొదటి 800 కిలోమీటర్లు కొండ జోలికి పోలేదు. మెల్లగా తోలి లైనింగును ఫ్లైవీలుతో కుదురుకొననిచ్చెను. ఎక్కుడులో నిలిచినప్పుడు సగము క్లచ్చుతో బండిని ఆపుట మాని చేతిబ్రేకు లాగుచున్నాడు. ఎఱ్ఱదీపము దగ్గఱ గేరు తీసి కాలు పెడలుపైనుండి దించుచున్నాడు. పెడలుపై కాలు ఆనించి యుంచు అలవాటు వానికి నా వలననే వచ్చినది. చిన్నప్పుడు ట్రాక్టరుపై నా ప్రక్కన కూర్చుండి నేర్చినాడు. నేనింకను మానలేదు గాని మానుటకు యత్నించుచున్నాను.

మూడేండ్లు దాటినది, ఆ ప్లేటు జారుట లేదు. మోకాలి నొప్పియు లేదు. వాడు తీయించిన బటను ప్లేటు ఇంచుమించు క్రొత్తదే గనుక, "మన ట్రాక్టరునకు పనికివచ్చునేమో చూడుడు" అని సంక్రాంతికి తెచ్చి నాకిచ్చెను. కొలచి చూచితిని. వ్యాసమును కలియలేదు, పండ్లును కలియలేదు. కొట్టములో మేకునకు వ్రేలాడుచున్నది.